మన పొలానికి రంగేసిందెవరు?

తెల్లారకట్ల ఆనందపురం పూల మార్కెట్టు దగ్గర టీ తాగుతుంటే ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నాడు. చామంతి బుట్టలు దింపేసి, డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకుని, బనీను లోపలి జేబులోంచి నాలుగు మడతల కాయితం ఒకటి తీశాడు. మాస్టర్ ప్లాను మ్యాపుకి రంగుల జెరాక్సు. ఎవరో బ్రోకరు ఇచ్చాడంట.

"బాబూ, నువ్వు పేపరోడివి గదా. ఇందులోన నా పొలం రంగేటో సెప్పు" అన్నాడు.

ఆయనకున్నది 85 సెంట్లు. ఇద్దరు కొడుకులు. చిన్నోడు గాజువాకలో వెల్డింగు పని. పెద్దోడు తనతోపాటే పొలంలో ఉన్నాడు. పెద్దోడికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు, ఊళ్ళో ఇల్లు చాలడంలేదు. పొలం గట్టున 4 సెంట్లలో రెండు గదులు వేసుకుందామని అడగబోతే, "మీది గ్రీన్‌లో ఉంది, ప్లాను రాదు" అన్నారు. బ్రోకరు సంగతి వేరు. "పచ్చరంగయితే సెంటు ఒక రేటు, పసుపయితే దానికి నాలుగింతలు" అన్నాడంట. రోడ్డుకి అవతల పక్క పొలం పసుపు. ఇవతలున్న ఈయనది పచ్చ. రెండింటికీ ఒకటే మట్టి, ఒకటే నీరు.

"మా తాత దున్నినాడు, మా అయ్య దున్నినాడు, నాను దున్నుతున్నాను. మరి ఈ రంగేసినోడు ఎప్పుడొచ్చినాడు బాబూ?"

ఆ మాటకి అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. పొలం మనది, పట్టా మనది, శిస్తు మనం కట్టాం. అందులో ఏం చెయ్యాలో చెప్పే హక్కు వేరేవాళ్ళకెలా వచ్చింది?

ఎలా వచ్చిందో ముందు చూద్దాం. విశాఖలో వుడా 1978లో పుట్టింది. ఊరు పెరుగుతోంది, ఉక్కు ఫ్యాక్టరీ వస్తోంది, ఎక్కడ ఇళ్ళుండాలి, ఎక్కడ ఫ్యాక్టరీలుండాలి, ఎక్కడ పొలాలు పొలాలుగానే మిగలాలి అని గీతలు గీసే పని దానికి అప్పగించారు. ఇళ్ళకి పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమకి ఊదా, వ్యవసాయానికి ఆకుపచ్చ. దీన్నే జోను అంటున్నారు. 2005లో గాజువాక మున్సిపాలిటీని, 32 పల్లెల్ని కలిపి నగరాన్ని మహా విశాఖ చేశారు. 2006లో, 2021 వరకూ అని మాస్టర్ ప్లాను ఒప్పుకున్నారు. 2018లో వుడా పోయి వీఎంఆర్‌డీఏ వచ్చింది. 2021లో, 2041 దాకా అంటూ ఇంకో ముసాయిదా పెట్టారు. రోడ్ల గీతలు ఇళ్ళమీదా పొలాలమీదా పడ్డాయని అప్పుడు పెద్ద గొడవే అయింది. దాన్ని సరిదిద్దుతామని 2024లో వచ్చిన ప్రభుత్వం చెప్పింది.

పేర్లు మారాయి, బోర్డులు మారాయి. పెద్దాయన పొలం మాత్రం పచ్చగానే ఉంది, మ్యాపులోనూ, నేలమీదా.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. కొందరికి నచ్చకపోవచ్చు. "నా భూమి నా ఇష్టం, జోన్లూ గీన్లూ ఎత్తేయండి" అనే మాటతో నేను ఏకీభవించను. అలాగని ఇప్పుడున్న పద్ధతి న్యాయమైందని కూడా అనను.

ఎత్తేస్తే ఏమవుతుందో మనం కళ్ళారా చూశాం. పెందుర్తి, సబ్బవరం, ఆనందపురం, పద్మనాభం ఎటెళ్ళినా ఒకటే కథ. ఎగువ రైతు అరెకరం అమ్ముకుంటాడు. కొన్నవాడు రెండు నెలల్లో మూడడుగుల ఎత్తున గ్రావెలు పోస్తాడు. రాళ్ళు పాతి రంగేస్తాడు. ఆ పొలం మధ్యనుంచి వెళ్ళే బోది కాలవ కనబడకుండా పోతుంది. దిగువనున్న నీకు వాన కాలంలో ముంపు, వాన లేనప్పుడు ఎండు. చెరువులోకి నీరొచ్చే గెడ్డ మీద కల్వర్టు కడితే, దాని గొట్టం సన్నగా వేస్తారు. మొదటి గట్టి వానకే గెడ్డ పక్కకి తిరిగి నీ మడిలోకొస్తుంది. ఎగువోడి స్వేచ్ఛ దిగువోడి నోట్లో మట్టి కొట్టింది. ఎగువోడేం చెడ్డోడు కాదు. కూతురి పెళ్ళికో ఆస్పత్రికో అమ్ముకున్నాడు. కాని పొలం అనేది ఒంటరిగా బతకదు. దానికి కాలవుండాలి, దారుండాలి, పక్కన మరో పొలముండాలి. పదెకరాల పట్టులో మూడెకరాలు ప్లాట్లయ్యాయంటే మిగతా ఏడూ సగం చచ్చినట్టే. ట్రాక్టరు దిగడానికి దారుండదు. కూలి మనుషులు దొరకరు. కోతులు, పందులు చివరి పొలం మీదే పడతాయి.

మేఘాద్రిగెడ్డ, గంభీరం, ముడసర్లోవ జలాశయాల ఎగువ భూములు కూడా ఎవడిష్టం వాడిదంటే, రేపు నగరం తాగే నీళ్ళెక్కణ్ణుంచొస్తాయి? ఆ నగరమే మన కూరగాయలు కొనేది. 1999లో రైతు బజార్లు వచ్చాక, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార బజార్లకి తెల్లారేసరికి వంకాయ, బెండ, ఆనప, ఆకుకూరలు చేర్చి నగదు తెచ్చుకున్నది ఈ చుట్టుపట్ల సన్నకారు రైతులే. నగరానికి పొలం దగ్గరుండబట్టే అది సాధ్యమయింది. అందుచేత పచ్చరంగు ఉండాల్సిందే. నా గొడవంతా ఆ పచ్చరంగు ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది.

సర్కారుకి రోడ్డు కావాలనుకోండి, పొలం తీసుకుంటుంది. 2013 చట్టం ప్రకారం పరిహారం కట్టాలి. చాలదని కోర్టుకెళ్ళొచ్చు. కాని మ్యాపులో పచ్చరంగేస్తే? పొలం తీసుకోలేదు కదా అంటారు. పైసా ఇవ్వరు. సెంటు విలువ నాలుగోవంతుకి పడిపోతుంది. బ్యాంకువాడు ఇంటి అప్పు ఇవ్వడు. కొడుక్కి గది వేసుకోలేవు. నగరానికి గాలి కావాలి, నీరు కావాలి, పచ్చదనం కావాలి. ఈ మూడింటికీ కలిపి బిల్లు 85 సెంట్ల ఆసామి నెత్తిన రాశారు. అపార్టుమెంటులో ఏడో అంతస్తు నుంచి పచ్చగా కనబడుతోందని మురిసేవాడు అందులో రూపాయి పెట్టడంలేదు.

పోనీ గీత అందరికీ ఒకటేనా అంటే, అదీ లేదు. ఈ జిల్లాలో పొలం ఇచ్చిన చరిత్ర మనకి కొత్తకాదు. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. దానికోసం 20 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చిన ఊళ్ళ పేర్లు ఇప్పుడు పునరావాస కాలనీల బోర్డుల మీదే ఉన్నాయి. ఉద్యోగం వస్తుందని ఆర్-కార్డు పట్టుకుని ముసలాళ్ళయిపోయినవాళ్ళు నాకు తెలుసు. 2020 జనవరిలో 72వ నంబరు జీవో వచ్చింది. నగరం చుట్టూ 10 మండలాల్లో 6,116 ఎకరాలు పూలింగుకి పెట్టారు, పేదల ఇళ్ళ స్థలాలకని. డి-పట్టా రైతుకి ఎకరాకి 900 గజాలు, పదేళ్ళు పైబడి ఆక్రమించి సాగుచేసుకుంటున్నవాడికి 450, అయిదు నుంచి పదేళ్ళయితే 250 గజాలు తిరిగిస్తామన్నారు. ఎకరా అంటే 4,840 గజాలు. ఆ భూముల్లో జీడి, మామిడి తోటలున్నాయి. వాళ్ళకి కావాల్సి వచ్చినప్పుడు తోటైనా ఒకటే, బీడైనా ఒకటే. భోగాపురం విమానాశ్రయం వస్తోందంటే దారిపొడుగునా గీతలు కదిలాయి. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటరు ఒప్పందం జరిగాక తర్లువాడ పేరు ప్రపంచానికి తెలిసింది. పెద్దోడికి గీత రబ్బరు, మనకి గీత రాయి. ఈ మాట పెద్దాయనతో అంటే, "అదే గదా నానంటున్నాది" అన్నాడు.

ఇంకో విచిత్రం చూడండి. అనుమతి లేకుండా లేఅవుట్లు వేసేవాళ్ళ సంగతి. పార్కు వదలరు, రోడ్డు సరిగా వదలరు, గెడ్డ పూడుస్తారు. కొన్నేళ్ళు పోయాక క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. 2020లో వచ్చింది. 2025లో మళ్ళీ వచ్చింది. 2020 పథకం మొదలైనప్పుడు, వదలాల్సిన ఖాళీ స్థలం వదల్లేదు గనక ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. కట్టేది ఎవరు? ప్లాటు కొనుక్కున్న గుమస్తా, టీచరు, ఆటో డ్రైవరు. వేసినవాడు ఎప్పుడో డబ్బు సర్దుకుని ఇంకో ఊరెళ్ళిపోయాడు. అంటే రూలు తప్పినవాడి పని కొంత రుసుముతో సక్రమం అయిపోతుంది. రూలు పాటించి పంట పండించినవాడికి మిగిలేది పచ్చరంగు. ఇలా ఉంటే రూలు పాటించమని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి మేం?

ఇందులో రైతుకి ఇంకో ఉచ్చుంది. సొంత అనుభవంతో చెబుతున్నాను. మా నాన్న పెందుర్తి వైపు 30 సెంట్లు అమ్మాడు. కొన్నాయన తన పేర రిజిస్ట్రేషను చేయించుకోలేదు. జనరల్ పవరాఫటార్నీ రాయించుకుని, ప్లాట్లు చేసి, అమ్మకందారు మా నాన్నే అన్నట్టుగా కాయితాలు నడిపించాడు. తర్వాత ప్లాట్లకి రోడ్డు లేదని, అనుమతి లేదని కొన్నవాళ్ళు తగువుకొచ్చినప్పుడు వెతుక్కుంటూ వచ్చింది మా ఇంటికే. మా నాన్నకి ముట్టింది ఎకరం లెక్కన పొలం ధర. పడ్డ మాటలేమో గజం లెక్కన. ఆరేళ్ళు తిరిగాడు ఆ గొడవమీద. ఆ మనిషి పేరెందుకులెండి. అలాంటివాళ్ళు మండలానికి పదిమంది ఉన్నారు.

కనక అడ్వాన్సు పుచ్చుకునే ముందు మన సర్వే నంబరు ఏ జోనులో ఉందో రాతపూర్వకంగా అడగండి. భూ వినియోగ ధ్రువపత్రం అని అడిగితే వీఎంఆర్‌డీఏ ఇస్తుంది. బ్రోకరు జేబులో జెరాక్సు నమ్మొద్దు. అది పాత ప్లానుదో, ముసాయిదాదో ఎవడికి తెలుసు. అమ్మితే కొన్నవాడి పేరనే రిజిస్ట్రేషను చెయ్యండి. ప్లాట్ల కోసం పవరు రాసివ్వకండి. ఈ ఒక్కటీ పాటిస్తే సగం గొడవలుండవు.

మన పక్క రాష్ట్రంలో ఏం జరిగిందో కూడా చూడాలి. హైదరాబాదులో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు కూడదని 1996లో 111వ జీవో ఇచ్చారు. నీటికోసం ఇచ్చిన జీవో, మంచిదే. కాని పాతికేళ్ళపాటు ఆ రైతులు పక్క ఊరి ధర చూసి కుమిలిపోయారు. అవసరం పడ్డవాళ్ళు అయినకాడికి అమ్ముకున్నారు. కొన్నవాళ్ళు ఆగగలిగే స్తోమతున్నవాళ్ళు. అక్కడ ఫాంహౌసులు లేచాయి, కల్యాణ మండపాలు లేచాయి, కాలేజీలు లేచాయి. 2022 ఏప్రిల్లో ఆంక్షలు తీసేస్తున్నట్టు ఇంకో జీవో ఇచ్చారు. ఎవరికి లాభం? ఆగినవాడికి. అమ్ముకున్న రైతుకి వార్త చదువుకోవడమే మిగిలింది. అందుకే అంటున్నాను, గీత ఉంచి పరిహారం ఇవ్వకపోతే, గీత ఎత్తేసిననాడు కూడా లాభం మనకి రాదు. అప్పటికి పొలం మనచేతిలో ఉండదు.

మరి దీనికి దారేమిటి? బయటి దేశాల్లో ఒకచోట చేసింది నాకు బాగా నచ్చింది. అమెరికాలో వాషింగ్టన్ నగరం పక్కనే మాంట్‌గోమెరీ కౌంటీ అని ఉంది. 1980లో అక్కడ 93 వేల ఎకరాలు వ్యవసాయానికే అని గీత గీశారు. 25 ఎకరాలకి ఒక్క ఇల్లే కట్టాలన్నారు. అక్కడిదాకా మన పచ్చరంగు లాంటిదే. కాని రైతుకి నష్టమని ఒప్పుకుని, 5 ఎకరాలకి ఒకటి చొప్పున కట్టడపు హక్కు కాయితం రైతుకిచ్చారు. ఆ కాయితాన్ని రైతు అమ్ముకోవచ్చు. ఊళ్ళో మామూలుగా ఒప్పుకునేకంటే ఎక్కువ ఇళ్ళు కట్టదలచిన బిల్డరు దాన్ని రైతు దగ్గర కొనాలి. పొలం రైతు దగ్గరే, దున్నుకోవడం రైతే, చేతికి డబ్బు కూడా వస్తుంది. ఇచ్చేది బిల్డరు.

ఇది మనకి తెలియని విద్యేమీ కాదు. విశాఖలో రోడ్డు వెడల్పుకి ఇంటి జాగా పోయినవాడికి టీడీఆర్ బాండు ఇస్తున్నారు కదా. ఆ బాండు కొన్న బిల్డరు వేరేచోట ఒక అంతస్తు ఎక్కువ వేసుకుంటున్నాడు. బజార్లో మూడడుగులు పోయినవాడికి బాండున్నప్పుడు, పొలమంతా పచ్చరంగులో పోయినవాడికి ఎందుకుండకూడదు? బాండ్లలో మోసాలు జరుగుతాయి కదా అంటారు. జరుగుతాయి. రేషను కార్డులో జరగడంలేదా, దానికని రేషను ఆపేశామా?

స్వేచ్ఛ పేరుతో మరీ అటుకెళ్ళినా చిక్కే. అమెరికాలోనే ఆరెగాన్ రాష్ట్రంలో 1973 నుంచి ఊళ్ళ చుట్టూ హద్దు గీసి పొలాలు కాపాడుతున్నారు. 2004లో జనం ఓటేసి, గీతవల్ల విలువ తగ్గితే డబ్బివ్వు, లేదా గీత ఎత్తు అన్నారు. అర్జీలు వేలల్లో వచ్చిపడ్డాయి. ఇవ్వడానికి సర్కారు దగ్గర డబ్బు లేదు. పొలాల మధ్య ప్లాట్లు వస్తాయని పక్క రైతులే భయపడ్డారు. 2007లో అదే జనం మళ్ళీ ఓటేసి ఆ చట్టాన్ని చాలామటుకు కుదించారు. డబ్బు ఖజానాలోంచి ఇస్తామంటే నడవదు, కట్టుకుని లాభపడేవాడి దగ్గర్నుంచి రావాలి అని నాకు దాన్నుంచి అర్థమయింది.

అసలు పెద్దాయన అడిగింది బాండు కూడా కాదు. నాలుగు సెంట్లలో రెండు గదులు. గ్రామకంఠం ఎప్పుడో తాతల నాడు కొలిచింది. ఒక్కో కుటుంబం మూడు నాలుగయింది, గ్రామకంఠం మాత్రం అంతే ఉంది. ఊరిని ఆనుకుని కొంత మేర ఊరి పెరుగుదలకి వదలండి. సాగుచేసుకునే రైతు సొంత కొడుక్కి వేసుకునే ఇంటికీ, విల్లాలు వేసి అమ్ముకునేవాడికీ ఒకే రూలు పెడితే ఎలా? పోయిన సంవత్సరం అమ్మినవాడు కాదు, రేపు అమ్మబోయేవాడు కాదు, అడంగల్‌లో సాగుదారుగా ఉన్నవాడు అడుగుతున్నాడు. ఇది కూడా పచ్చదనానికి చేటేనా?

విల్లాలంటే గుర్తొచ్చింది. "పల్లె వాతావరణంలో ప్రశాంత జీవనం" అని బోర్డు చూసి కొనుక్కుని వచ్చినవాళ్ళు, ఏడాది తిరక్కుండా పక్క కల్లంలో పెంట వాసనొస్తోందని, తెల్లారకముందే ట్రాక్టరు చప్పుడని అర్జీలు పెడుతున్నారు. ఆవుల్ని వేరేచోట కట్టుకోమని ఒకాయనకి చెప్పారట. ఆవులు నలభైయేళ్ళుగా అక్కడే ఉన్నాయి, వచ్చింది వీళ్ళు. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ దీనికి చట్టాలున్నాయి, ముందునుంచి ఉన్న వ్యవసాయం మీద కొత్తగా వచ్చినవాడు వాసనని, చప్పుడని దావా వేస్తే నిలవకుండా. పురుగుమందు కొట్టేటప్పుడు గాలి అటు వీస్తే మనమూ ఆగాలి, అది వేరే సంగతి.

మాస్టర్ ప్లాను మళ్ళీ చర్చకొచ్చిన ప్రతిసారీ అభ్యంతరాలకి గడువిస్తారు. పోయినసారి మ్యాపులు ఇంటర్నెట్టులో ఇంగ్లీషులో పెట్టారు, సర్వే నంబరు వెతుక్కోవడానికి చదువుకున్న కుర్రాళ్ళకే తల తిరిగింది. రైతుకి తెలియాలంటే సర్వే నంబర్లతో, తెలుగులో, పంచాయతీ గోడమీద అంటించాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. మనవైపు నుంచి చెయ్యాల్సిందీ ఉంది. నోటితో అరిస్తే లెక్కలోకి రాదు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఏం పండిస్తున్నదీ, ఏం మార్పు కావాలో తెల్లకాయితం మీద రాసి, ఇచ్చినట్టు రసీదు పుచ్చుకోండి. ఒకడు విడిగా ఇచ్చేకన్నా, ఒక చెరువు కింద రైతులంతా కలిసి ఇస్తే బరువుంటుంది. కాలవ ఎక్కడ పోతోందో, దారి ఎక్కడుందో కూడా గీసి చూపించండి. మ్యాపు గీసినవాళ్ళకి ఆ బోది కాలవ ఉందని తెలియకపోవచ్చు.

ఇంతకీ ఆ జెరాక్సులో పెద్దాయన సర్వే నంబరు వెతికాం. నేనూ, టీకొట్టతనూ, ఇంకో కుర్రాడూ ముగ్గురం పావుగంట చూశాం. అచ్చు మసకబారి నంబరు దొరకలేదు. కింద మూలన సంవత్సరం చూస్తే అది పాత ప్లానుదని తేలింది. ధ్రువపత్రానికి అర్జీ ఎలా రాయాలో చెప్పి, నా దగ్గరున్న పెన్నుతో టీకొట్టు బల్లమీదే రాసిచ్చాను. వేలిముద్ర వెయ్యబోయి ఆగి, "సంతకం సేస్తాను, మా మనవరాలు నేర్పింది" అని మూడక్షరాలు గట్టిగా ఒత్తి రాశాడు. తరవాత ఖాళీ బుట్టలు సైకిలుకి కట్టుకుని, "పసుపైనా పచ్చైనా, రేపు పువ్వు కొయ్యాల గదా" అంటూ వెళ్ళిపోయాడు.